పసుపు కొమ్ము, యూవీ టార్చి: అల్జైమర్స్ గడ్డలను రంగు ఎలా పట్టిస్తుందో పిల్లలకు చూపించే పద్ధతి

ఈ ప్రయోగం చేసి ఎవరికైనా అల్జైమర్స్ అనే మతిమరుపు జబ్బు ఉందో లేదో చెప్పలేం. ఆ మాట మొదటే చెప్తున్నాను. పసుపు, మెదడు అన్న రెండు మాటలు ఒకచోట కనిపిస్తే చాలు, వాట్సాప్‌లో అది మందుగా మారి ఊరంతా తిరుగుతుంది. నేను చెప్పబోయేది వేరు. మెదడులో పేరుకున్న ప్రొటీన్ గడ్డలను శాస్త్రవేత్తలు రంగులతో ఎలా వెతుకుతారు, ఆ రంగుల్లో మన వంటింటి పసుపుకు చోటెలా దొరికింది, ఆ సంగతిని బడి ల్యాబులో పిల్లలకు కళ్ళారా ఎలా చూపించాలి అన్నదే ఇందులో ఉంటుంది.

నేను దేవరకొండ వైపు ఒక జిల్లా పరిషత్ హైస్కూల్‌లో బయాలజీ చెప్తాను. తొమ్మిది, పది తరగతుల పిల్లలతో సైన్స్ ఫెయిర్ కోసం ఈ ప్రయోగాన్ని తయారుచేసుకున్నాం. ఖరీదైన సామాను ఏదీ అక్కర్లేదు. చీకటి గది మాత్రం తప్పకుండా కావాలి. మేం ల్యాబు కిటికీలకు నల్ల చార్టులు అంటించి, తలుపు సందులో దుప్పటి కుక్కుతాం.

సామాను సంగతి

పసుపు కొమ్ములే తీసుకోండి, ప్యాకెట్ పొడి వద్దు. పొడిలో మెటానిల్ ఎల్లో లాంటి రంగో, లెడ్ క్రోమేటో కలిసి ఉంటే పగటి వెలుగులో పచ్చగానే కనిపిస్తుంది గాని యూవీ (అతినీలలోహిత) వెలుగు కింద పసుపులాగా మెరవదు. అప్పుడు ప్రయోగం ఎక్కడ తప్పిందో పిల్లలకు చెప్పలేం. కొమ్ము కొనేటప్పుడు ఒకటి విరిచి చూడండి. లోపల ముదురు నారింజ రంగు ఉండాలి. పైపైన రంగు పూసిన కొమ్ములు పూజ సామాన్ల దగ్గర దొరుకుతాయి, అవి పనికిరావు.

టార్చి అంటే దొంగ నోట్లు పట్టడానికి దుకాణాల్లో వాడే చిన్న యూవీ టార్చి. వీటిలో 365 నానోమీటర్లవి, 395 నానోమీటర్లవి అని రెండు రకాలు వస్తాయి (నానోమీటర్ అంటే వెలుగు అల పొడవును కొలిచే కొలత). పసుపులో మెరిసే పదార్థం కుర్కుమిన్. అది సుమారు 425 నానోమీటర్ల దగ్గరి వెలుగును బాగా పీల్చుకుంటుంది కాబట్టి రెండింటిలో ఏదైనా పనిచేస్తుంది. చవకగా దొరికే 395 టార్చిలో ఊదా వెలుగు కూడా ఎక్కువగా వచ్చి కళ్ళను కమ్మేస్తుంది. దానికి మందు పసుపు రంగు గ్లాసు పేపర్. గిఫ్టులకు చుట్టే పారదర్శకమైన కాగితాన్ని రెండు మడతలు వేసి కంటి ముందు గాని ఫోన్ కెమెరా ముందు గాని పెట్టుకుంటే, ఊదా రంగు ఆగిపోయి మెరుపు ఒక్కటే మిగులుతుంది. పెద్ద ఆసుపత్రుల్లో ఇలాంటి మెరుపును చూడడానికి ఉండే ఫ్లోరోసెన్స్ మైక్రోస్కోప్‌లోనూ ఇదే ఏర్పాటు ఉంటుంది. వెలుగు పంపేటప్పుడు ఒక ఫిల్టర్, చూసేటప్పుడు ఇంకో ఫిల్టర్. టార్చిని ఎవరి కళ్ళలోకీ వేయకూడదని ముందే గట్టిగా చెప్పండి. నేనైతే టార్చి నా చేతిలోనే పెట్టుకుంటాను.

మెడికల్ షాపులో సర్జికల్ స్పిరిట్ ఒక చిన్న సీసా కొనండి. అది విషం, పైగా మంట అంటుకుంటుంది. ఆ గదిలో స్పిరిట్ దీపం గాని అగ్గిపుల్ల గాని ఉండకూడదు. గాజు గ్లాసులు, అర లీటరు పాలు, రెండు నిమ్మకాయలు, బీ కాంప్లెక్స్ గోళీ ఒకటి, ల్యాబులో వాడే ఫిల్టర్ పేపర్ కూడా దగ్గర పెట్టుకోండి.

ఇక నీళ్ళు. మా నల్గొండ జిల్లాలో ఎవరైనా ఈ ప్రయోగం చేస్తే ముందుగా చూసుకోవాల్సింది ఇదే. ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్ళు చాలాచోట్ల క్షార గుణంతో ఉంటాయి. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు, పారాణి అలాగే కలుపుతాం. కుర్కుమిన్‌కు క్షారం పడదు. రంగు మారడమే కాదు, అది విరిగిపోతుంది కూడా. మన రక్తానికి దగ్గరగా ఉండే 7.2 పీహెచ్ దగ్గర, ఒంటి వేడికి, అరగంటలోనే చాలా భాగం నాశనమవుతుందని ల్యాబుల్లో కొలిచారు. అందుకని వాహనాల బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి. అది దొరక్కపోతే వాన నీళ్ళు పట్టుకోండి. బోరు నీళ్ళు పోసి, మెరుపు రాలేదని పసుపును తప్పుపట్టొద్దు.

ముందు చీకట్లో గదిని చూడండి

పసుపు ముట్టుకోకముందే తలుపులు మూసి టార్చి ఒకసారి గది అంతా తిప్పండి. తెల్ల కాగితం నీలంగా మెరుస్తుంది. సబ్బు పొడితో ఉతికిన తెల్ల చొక్కాలు ఇంకా గట్టిగా మెరుస్తాయి. బట్టలు తెల్లగా కనబడాలని డిటర్జెంట్లలో కలిపే పదార్థాలు యూవీని పీల్చి నీలి వెలుగు ఇస్తాయి. పిల్లలకు ఇది చాలా ఇష్టం, ఒకరి కాలర్ ఒకరు చూసుకుంటారు. అదంతా అయ్యాక చెప్పండి: మెరిసేవి ఇన్ని ఉన్నాయి కదా, మరి మనం వెతికేది ఒక్కటే మెరవాలంటే ఎలా? ఈ ప్రయోగం మొత్తం ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. పసుపును ఉతికిన గుడ్డతో వడకట్టొద్దు అనడానికి కారణం కూడా వాళ్ళకు అప్పుడే అర్థమవుతుంది. టేబుల్ మీద తెల్ల కాగితం కాకుండా నల్ల చార్టు పరచండి.

రంగు తీయడం, మూడు గ్లాసులు

కొమ్మును రోట్లో దంచండి. మెత్తటి పొడి అక్కర్లేదు, రవ్వలా ఉంటే చాలు. టీ గ్లాసులో సగం స్పిరిట్ పోసి, అర చెంచా పసుపు వేసి, మూత పెట్టి పావుగంట వదిలేయండి. పైన తేరిన దాన్ని ఫిల్టర్ పేపర్‌తో వడకడితే ముదురు పసుపు రంగు ద్రవం వస్తుంది. దానిమీద టార్చి వేస్తే పైపొర మాత్రమే మెరిసి లోపలంతా మసకగా ఉంటుంది. చిక్కదనం ఎక్కువైతే పై పొరే వెలుగంతా మింగేస్తుంది, లోపలికి ఏమీ చేరదు. అందులోంచి కొంచెం వేరే గ్లాసులోకి తీసుకుని, లేత నిమ్మకాయ రంగు వచ్చేదాకా స్పిరిట్ కలపండి. ఇప్పుడు టార్చి వేస్తే గ్లాసు మొత్తం ఆకుపచ్చ కలిసిన పసుపు వెలుగుతో నిండిపోతుంది.

ఇప్పుడు మూడు గ్లాసులు వరసగా పెట్టండి. ఒకదానిలో డిస్టిల్డ్ వాటర్, రెండోదానిలో కొబ్బరి నూనె, మూడోదానిలో రెండు చెంచాల పాలు కలిపిన నీళ్ళు. మూడింటిలోనూ పసుపు స్పిరిట్ సమానంగా, పది పది చుక్కలు వేసి కలపండి. నూనెను కాస్త ఎక్కువసేపు కలపాలి. పగటి వెలుగులో మూడూ పసుపే. చీకట్లో టార్చి వేస్తే నూనె పచ్చగా వెలుగుతుంది, పాలు వెలుగుతాయి, నీళ్ళ గ్లాసు మాత్రం మబ్బుగా నిలబడి ఉంటుంది. పసుపు కలపని పాల గ్లాసును కూడా పక్కన పెట్టడం మరిచిపోవద్దు. పాలకు తమ సొంత నీలి మెరుపు కొంత ఉంటుంది. ఏది పాలది, ఏది పసుపుది అన్నది ఆ గ్లాసు ఉంటేనే తేలుతుంది.

మా బడిలో ఒకమ్మాయి అడిగింది, "మేడమ్, నీళ్ళల్లో కూడా పసుపు ఉంది కదా, ఎక్కడికి పోయింది వెలుగు?" అని. ఆ ప్రశ్న మీ పిల్లలు అడిగేదాకా జవాబు చెప్పకండి. కుర్కుమిన్ అణువు యూవీని పీల్చుకుని శక్తి నింపుకుంటుంది. చుట్టూ నీటి అణువులుంటే వాటితో చేరి ఆ శక్తిని వేడిగా వదిలేస్తుంది. నూనెలోనో, ప్రొటీన్ సందులోనో ఇమిడితే నీరు దాని దగ్గరికి రాలేదు, అణువు కుదురుగా ఉంటుంది. అప్పుడు ఆ శక్తి వెలుగుగా బయటికొస్తుంది. పీల్చిన వెలుగు కంటే వదిలిన వెలుగు పొడవైన అలల్లో ఉంటుందని, ఊదాను తీసుకుని పచ్చను ఇస్తుందని 1852లోనే జార్జ్ స్టోక్స్ రాశాడు. ఫ్లోరోసెన్స్ అన్న పేరు పెట్టిందీ ఆయనే.

నాలుగో గ్లాసులో బీ కాంప్లెక్స్ గోళీని పొడిచేసి నీళ్ళలో కలపండి. అందులోని రైబోఫ్లేవిన్ (బీ2 విటమిన్) ఉత్త నీళ్ళలోనే పచ్చగా దగదగలాడుతుంది. పిల్లలు వెంటనే ఇదే గొప్ప రంగు అంటారు. నిజానికి వెతకడానికి ఇది పనికిరాదు. అంతటా వెలిగే రంగును ఒంట్లోకి పంపితే ఒళ్ళంతా వెలుగుతుంది, గడ్డ ఎక్కడుందో తెలియదు. నీళ్ళలో ఆరిపోయి, పట్టుకోవాల్సిన ప్రొటీన్ దొరికినప్పుడే వెలిగే రంగు కావాలి. పసుపు విలువ అక్కడుంది.

గడ్డలకు రంగు పట్టించడం

నాకు బాగా నచ్చే భాగం ఇది. దీనికి ఎక్కువ టైమ్ ఇవ్వండి.

పాలను గోరువెచ్చగా చేసి నిమ్మరసం పిండి విరగ్గొట్టండి. ఈ పని స్టాఫ్ రూమ్‌లోనో ఇంట్లోనో చేసుకుని తీసుకురండి, స్పిరిట్ ఉన్న గదిలో పొయ్యి వెలిగించొద్దు. విరిగిన పాలను జల్లెడలో వేస్తే తెల్ల పలుకులు పైన, లేత పచ్చటి నీళ్ళు కింద మిగులుతాయి. ఆ పచ్చటి నీళ్ళకు టార్చి పెట్టి చూడండి, అవీ మెరుస్తాయి. పాలలో సహజంగా ఉండే రైబోఫ్లేవిన్ ఆ నీళ్ళలోకి దిగుతుంది. కాబట్టి పలుకులను డిస్టిల్డ్ వాటర్‌తో రెండు మూడుసార్లు బాగా కడగాలి. కడిగిన పలుకులను గాజు గ్లాసులో నీళ్ళలో వేసి, కడ్డీతో కలిపి, పెసరగింజంత చిన్న ముక్కలు చేయండి. పసుపు స్పిరిట్ పది చుక్కలు వేసి ఐదు నిమిషాలు వదిలేయండి. తర్వాత పసుపు నీళ్ళు పారబోసి, మళ్ళీ శుభ్రమైన నీళ్ళు పోసి, అవీ పారబోసి, మూడోసారి నింపండి.

ఇప్పుడు దీపాలు ఆర్పి పక్కనుంచి టార్చి వేయండి. నీళ్ళు నల్లగా, వాటిలో పలుకులు ఒక్కొక్కటి విడివిడిగా పచ్చగా కనిపిస్తాయి. గ్లాసును కొద్దిగా తిప్పితే అవి లేచి మెల్లగా దిగుతాయి. కంటికి ఆనని రవ్వంత నలుసు కూడా మెరుపు వల్ల కనబడుతుంది. ఇంకో గ్లాసులో పసుపు వేయని పలుకులు పెట్టి పోల్చండి. ఫొటో తీసేటప్పుడు ఫోన్ తెర మీద పలుకు దగ్గర వేలు కాసేపు నొక్కిపట్టి ఫోకస్ లాక్ చేయండి, లేకపోతే కెమెరా తనంతట తానే వెలుగు పెంచి నల్లటి నీళ్ళను ఊదాగా చూపిస్తుంది.

రంగు వేయడం, కడగడం, చూడడం. మెదడు ముక్క మీద పాథాలజిస్టు (కణజాలాన్ని పరీక్షించే డాక్టరు) చేసేదీ ఈ మూడు పనులే. అయితే పిల్లలకు ఒక సంగతి దాచకుండా చెప్పాలి. పాలలో ఉండే కేసీన్ అనే ప్రొటీన్ పలుకులు అమిలాయిడ్ (అల్జైమర్స్ గడ్డల్లో ఉండే, పోగులుగా అల్లుకున్న ప్రొటీన్) కాదు. ప్రొటీన్‌లో కుర్కుమిన్ ఇమిడితే వెలుగుతుంది అన్నంతవరకే మనం చూపిస్తున్నాం. అసలు అమిలాయిడ్ నూలుపోగులను ల్యాబులో తయారుచేయాలంటే చాలామంది వాడేది కోడిగుడ్డు తెల్లసొనలోని లైసోజైమ్ అనే ప్రొటీన్‌ను. గట్టి ఆమ్లంలో, వేడిలో రోజుల తరబడి ఉంచితే అది మడత విప్పుకుని పోగులుగా అల్లుకుంటుంది. అది బడిలో చేసే పని కాదు. మధ్యాహ్న భోజనంలో గుడ్డు పెట్టిన రోజు, తెల్లసొన ఒకసారి ఉడికాక మళ్ళీ నీళ్ళలా మారదని చూపిస్తే చాలు, ప్రొటీన్ ఆకారం మారితే ఏమవుతుందో వాళ్ళ మనసుకు ఎక్కుతుంది.

మెదడులో ఇది ఎక్కడిదాకా వచ్చింది

ఈ జబ్బు బయటపడిందే రంగు వల్ల. 1901లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో ఆగస్టె డెటర్ అనే 51 ఏళ్ళ ఆమెను మతిమరుపు, అనుమానాలు, గందరగోళంతో చేర్చారు. 1906లో ఆమె చనిపోయాక అలోయిస్ అల్జైమర్ ఆమె మెదడు ముక్కలకు వెండి లవణాలతో రంగు పట్టించి చూసి, బయట పేరుకున్న గడ్డలనూ, కణాల లోపల చిక్కుపడ్డ పోగులనూ గుర్తించాడు. గడ్డల్లో ఉన్నది 40 చిల్లర అమైనో ఆమ్లాల చిన్న ప్రొటీన్ ముక్క. దాన్నే ఇప్పుడు అమిలాయిడ్ బీటా అంటున్నాం. 1984లో జార్జ్ గ్లెనర్, కైన్ వాంగ్ దాన్ని వేరుచేశారు.

ఆ ముక్కలు పెళ్ళిపందిట్లో విస్తరాకులు పేర్చినట్టు ఒకదానిమీద ఒకటి చేరి పొడవాటి పోగులవుతాయి. పోగు పొడవునా సన్నటి గాడులు ఏర్పడతాయి. పొడవుగా, చదునుగా ఉండే రంగు అణువులు ఆ గాడుల్లో సరిగ్గా కూర్చుంటాయి. బట్టలకు వేసే కాంగో రెడ్ ఇలా అమిలాయిడ్‌కు పట్టుకుంటుందని 1922లో తెలిసింది. థయోఫ్లేవిన్-టీని 1959లో వాడుకలోకి తెచ్చారు. ఇవి రెండూ ఫ్యాక్టరీ రంగులు. కుర్కుమిన్ ఆకారం కూడా ఇంచుమించు అలాగే ఉంటుంది, రెండు చివర్లా రెండు వలయాలు, మధ్యలో గొలుసు. 2005లో అమెరికాలో కాలిఫోర్నియా శాస్త్రవేత్తలు, అల్జైమర్స్ లాంటి గడ్డలు వచ్చేలా పెంచిన ఎలుకలకు కుర్కుమిన్ ఇస్తే అది రక్తం నుంచి మెదడులోకి దాటి గడ్డలకు అంటుకుందని చూపించారు. 2007లో బతికున్న ఎలుక మెదడులోనే ఆ మెరుపును ప్రత్యేక మైక్రోస్కోప్‌తో చూశారు.

మరి మనిషికి ఎందుకు చేయడం లేదు? పిల్లలు తప్పకుండా అడుగుతారు. దీనికి చేతిలోనే జవాబుంది. యూవీ టార్చిని అరచేతికి ఆనించి అవతలి వైపు చూడమనండి, ఏమీ రాదు. ఫోన్ ఫ్లాష్ లైటును వేలికి ఆనిస్తే మాత్రం వేలు ఎర్రగా వెలుగుతుంది. రక్తమాంసాలు నీలి, పచ్చ వెలుగులను మింగేస్తాయి, ఎరుపును కొంత పోనిస్తాయి. కుర్కుమిన్ ఇచ్చేది పచ్చ వెలుగు. అది పుర్రె దాటి బయటికి రాదు. అందుకే రసాయన శాస్త్రవేత్తలు కుర్కుమిన్ అణువును మూసగా తీసుకుని, 650 నుంచి 900 నానోమీటర్ల మధ్య, అంటే ఎరుపు దాటిన వెలుగులో మెరిసేలా మార్చారు. 2009లో వచ్చిన క్రానాడ్-2 అలాంటిదే. ఎలుక పుర్రె పల్చన కాబట్టి అక్కడ పనిచేస్తుంది. మనిషి పుర్రె మందం, మెదడు లోతు దానికి ఇంకా అందలేదు.

రెండో దారి కన్ను. కంటి వెనకుండే తెర, రెటీనా కూడా నాడీ కణజాలమే, పుర్రె అడ్డం లేకుండా వెలుగు నేరుగా అందే చోటు. అమెరికాలోని సీడార్స్-సైనాయ్ వాళ్ళు ఈ దారి పట్టారు. కుర్కుమిన్‌ను నోటి ద్వారా ఇచ్చి, రెటీనాలో మెరిసే చుక్కలను స్కానర్‌తో లెక్కించిన పరిశోధన 2017లో వచ్చింది. కొద్దిమంది మీద చేసిన పని అది. మన కంటి డాక్టర్ల దగ్గర మామూలుగా చేసే పరీక్షగా మారలేదు.

ఇవాళ పెద్ద ఆసుపత్రుల్లో మనుషులకు చేసేది పెట్ స్కాన్, అంటే రేడియోధార్మిక పదార్థాన్ని ఒంట్లోకి పంపి అది ఎక్కడ చేరిందో బొమ్మ తీయడం. దానిలో వెలుగు ఉండదు గాని, దాని పుట్టుక మాత్రం రంగులోనే ఉంది. థయోఫ్లేవిన్-టీ అణువును మార్చి, దానికి రేడియోధార్మిక కార్బన్ తగిలించి పిట్స్‌బర్గ్ కాంపౌండ్-బీ తయారుచేశారు. మనుషుల మెదడు చిత్రాలతో 2004లో దాని ఫలితాలు ప్రచురించారు. ఆ కార్బన్ 20 నిమిషాలకొకసారి సగమైపోతుంది కాబట్టి, దాన్ని తయారుచేసే యంత్రం పక్కనే ఉండాలి. తర్వాత సుమారు 110 నిమిషాలు నిలిచే ఫ్లోరిన్-18తో ఫ్లోర్‌బెటాపిర్ వచ్చింది, 2012లో అమెరికాలో అనుమతి దొరికింది.

ఇంకో సంగతి కూడా పిల్లలకు చెప్పండి. గడ్డలు కనిపించినంత మాత్రాన జబ్బు అని కాదు. మతి స్థిరంగా ఉన్న పెద్దవాళ్ళలో కూడా కొందరి మెదడులో అమిలాయిడ్ ఉంటుంది. రంగు చెప్పేది గడ్డ ఉందా లేదా అన్నదే. జబ్బు అవునా కాదా తేల్చేది మనిషిని చూసిన డాక్టరు.

మెరిసే మరికొన్ని

టైమ్ మిగిలితే ఇవి చూపండి. గోంగూర ఆకును స్పిరిట్‌లో నలిపి వడకడితే పచ్చటి ద్రవం యూవీ కింద ఎర్రగా మెరుస్తుంది, అది పత్రహరితం. మూలికల దుకాణంలో దొరికే మానుపసుపు చెక్క టార్చి కింద పసుపు రంగులో వెలుగుతుంది. అందులోని బెర్బెరిన్ డీఎన్ఏకు పట్టుకుంటే ఇంకా పెరుగుతుంది. అంటే దాని లక్ష్యం వేరు. నల్లమలలో పెరిగే వేగిస చెట్టు చేవను నీళ్ళలో నానబెడితే నీలి ఛాయ వస్తుంది. షుగర్ ఉన్నవాళ్ళు ఆ చెక్క గ్లాసులో నీళ్ళు తాగడం మీరు చూసే ఉంటారు. ఆ చెక్క కోసం అడవిలోకి పోకండి, అమ్రాబాద్ వైపు అదంతా పులుల రిజర్వు. పాత చెక్క గ్లాసు ముక్క దొరికితే చాలు.

చూడ్డానికి వచ్చినవాళ్ళు అడిగే ప్రశ్నలు

సైన్స్ ఫెయిర్‌లో మా స్టాలు దగ్గరికి వచ్చిన పెద్దవాళ్ళలో చాలామంది అడిగేది ఒకటే. "అమ్మా, రోజూ పసుపు పాలు తాగితే మతిమరుపు పోతదా?" పోదు. దీన్ని మర్యాదగా, కాని తడబడకుండా చెప్పడం పిల్లలకు నేర్పండి. పసుపులో కుర్కుమిన్ ఉండేదే నూటికి రెండు నుంచి ఐదు పాళ్ళు. తిన్నదాంట్లో రక్తంలోకి చేరేది బాగా తక్కువ. అల్జైమర్స్ ఉన్నవాళ్ళకు 24 వారాలు కుర్కుమిన్ ఇచ్చి చూసిన పరిశోధన 2012లో వచ్చింది, వాళ్ళ జ్ఞాపకశక్తిలో మేలు కనిపించలేదు. కూరలో పసుపు వేరు, గోళీల రూపంలో పెద్ద మోతాదు వేరు. ఆ గోళీలతో కొందరికి లివర్ దెబ్బతిన్న సందర్భాలున్నాయి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు డాక్టర్‌ను అడగకుండా ముట్టుకోకూడదు.

ఈ విషయంలో నేను ఇంత పట్టుబట్టడానికి మా నాయిన కారణం. ఆయనకు చిన్న కిరాణా కొట్టు ఉండేది. నోటి లెక్కలో ఆయన్ని మించినవాళ్ళు మా బజార్లో లేరు. అలాంటి మనిషి యాభై నోటు చేతిలో పట్టుకుని, పద్దెనిమిది రూపాయల సామానుకు ఎంత తిరిగివ్వాలో తోచక, గల్లాపెట్టె మూత తెరవడం, మూయడం చేసేవారు. అడిగితే, "చిల్లర లేదు బిడ్డా" అనేవారు. పెట్టె నిండా చిల్లర ఉండేది. వయసు మీద పడిందిలే అని చుట్టాలు అన్నారు. ఒకాయన పసుపు, తేనె కలిపి నాకించమన్నారు. డాక్టర్ దగ్గరికి పోవాల్సిన నెలలు అలా గడిచిపోయాయి. తాళంచెవి ఎక్కడ పెట్టానో మరిచిపోవడం అందరికీ ఉండేదే. ఎన్నో ఏళ్ళుగా చేసిన పని చేతిలోంచి జారిపోవడం, తెలిసిన దారి తప్పడం, వండిన కూరలోనే మళ్ళీ ఉప్పు వేయడం, అడిగిన మాటే గంటలో నాలుగుసార్లు అడగడం మాత్రం మామూలు మరుపు కాదు.

మన దేశంలో 60 ఏళ్ళు దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా (మతి, జ్ఞాపకశక్తి క్షీణించే జబ్బులు) ఉందని 2023లో ఒక అంచనా వచ్చింది. అందరిదీ అల్జైమర్స్ కాదు. బీ12 తక్కువైనా, థైరాయిడ్ తేడా ఉన్నా, డిప్రెషన్ ఉన్నా మతిమరుపు వస్తుంది. వాటికి మందుంది. రక్త పరీక్షలతో ముందు అవి చూస్తారు. తర్వాత న్యూరాలజిస్టు ప్రశ్నలు అడిగి, బొమ్మలు గీయించి పరీక్షిస్తారు, అవసరమైతే ఎమ్మారై తీయిస్తారు. చదువు రానివాళ్ళను ఎలా పరీక్షిస్తారని భయపడొద్దు. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం ఇలాంటి పరీక్షలను తెలుగులోకి మన వాళ్ళకు తగినట్టు మార్చింది. వాళ్ళే 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు చూసి, ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్ళలో జబ్బు లక్షణాలు సగటున నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా మొదలైనట్టు 2013లో ప్రచురించారు. చదువు రానివాళ్ళలో కూడా ఆ తేడా కనిపించింది. తెలుగు, ఉర్దూ కలిపి మాట్లాడే మా నల్గొండ, పాలమూరు బజార్లలో ఈ మాట చెప్తే జనం ఆగి వింటారు.

స్టాలులో గ్లాసుల పక్కన ఒక చార్టు పెట్టండి. పైన "ఇది జబ్బు పరీక్ష కాదు, రంగు ఎలా పనిచేస్తుందో చూపే ప్రయోగం" అని పెద్ద అక్షరాలతో ఉండాలి. పసుపు స్పిరిట్‌ను మూత ఉన్న ముదురు రంగు సీసాలో నీడన ఉంచండి. పసుపు మరక పడిన బట్ట ఎండకు వెలిసినట్టే, వెలుతురు తగిలితే దీని మెరుపూ పోతుంది. పలుకులు మాత్రం ఏ రోజుకారోజు కొత్తగా చేసుకోవాలి. అయిపోయాక వాటిని గుంత తీసి పూడ్చేయండి, పనీరనుకుని ఎవరూ నోట్లో పెట్టుకోకూడదు.

చార్టు కింద, డాక్టర్ దగ్గరికి పోయేటప్పుడు తీసుకెళ్ళాల్సినవి రాయండి: ఇప్పుడు వాడుతున్న గోళీలన్నీ కవర్లతో సహా, కళ్ళజోడు, వినికిడి మిషన్ ఉంటే అది, మార్పులు ఎప్పుడు మొదలయ్యాయో రాసుకున్న కాగితం. రోజూ దగ్గరుండి చూసుకునే మనిషి కూడా వెంట ఉండాలి, ఎందుకంటే డాక్టర్ సగం ప్రశ్నలు వాళ్ళనే అడుగుతారు. పెద్దవాళ్ళ కోసం ప్రభుత్వం నడిపే ఎల్డర్ లైన్ నంబర్ 14567ను కూడా రాయండి, ఆ ఫోన్‌కు డబ్బులు పడవు.